మూడుతాళ్ళలంక పడవలో ముందు బల్ల

ఇది ఒక ఇతిహాసం. ఇందులో రెండు పక్షాలున్నాయి, మధ్యన ఒక నది ఉంది, ఒక సింహాసనం ఉంది, దానిమీద ఎవరు కూర్చోవాలన్న వైరం ఉంది, పట్టిన పట్టు విడవని కన్య ఒకతె ఉంది, ఆఖర్న ఒక వృద్ధమాత నోట వెలువడిన తీర్పు కూడా ఉంది.

అలా మొదలుపెట్టాలని నాకు చాలా ఆశగా ఉండేది. కానీ ఈ దారిన వెళ్ళేవాళ్ళు రేపు నన్ను పట్టుకుని నిలదీస్తారు కాబట్టి ఉన్నదే చెబుతాను. నది అంటే గోదావరి పాయ, పడవలో పావుగంట. సింహాసనం అంటే పడవ ముందు భాగంలో అడ్డంగా కొట్టిన పనస చెక్క బల్ల. దానికొక మేకు పైకి తేలి ఉంటుంది, చూసుకుని కూర్చోవాలి. యుద్ధంలో ఎవరికీ దెబ్బలు తగల్లేదు, ఆ మేకు మూలంగా నా ప్యాంటుకు తప్ప.

1998 మార్చి, శనివారం. రాజమండ్రిలో నేనూ ప్రసాదూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. మా తాతగారు వేదం చదువుకున్న మనిషి. నేను బి.కాం.లో రెండు పేపర్లు మిగుల్చుకున్న మనిషిని. ప్రసాదు నాలాంటివాడు కాదు, అన్నీ పాసయ్యాడు. వాడిది కోనసీమలో మూడుతాళ్ళలంక. ఊరి పేరుకు మూడు తాటిచెట్లు కారణం. నేను చూసేనాటికి రెండే ఉన్నాయి. మూడోది తుఫానుకు పోయిందట, పేరు మార్చడానికి ఎవరికీ తీరిక దొరకలేదట.

ఆ ఉదయం మా గది ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు ప్రసాదు నాన్నగారు ఫోన్ చేశారు. ఊరి పడవ ఆగిపోయింది. కారణం ప్రసాదు చెల్లెలు రత్నకుమారి. ముందురోజు సాయంత్రం ట్యూషన్ నుంచి తిరిగొస్తూ కాళ్ళు నొప్పులుగా ఉండి పడవలో ముందు బల్ల మీద కూర్చుందట. ఆ బల్ల మీద రైతుల వీధివాళ్ళే కూర్చోవడం రివాజు. పేటవాళ్ళు వెనకాల సైకిళ్ళూ గడ్డిమోపుల మధ్య నిలబడతారు. ప్రసాదువాళ్ళది పేట. రైతుల వీధి కుర్రాడొకడు "లే" అన్నాడు. రత్న "ఎందుకు?" అంది.

మూడుతాళ్ళలంకలో ఆ బల్ల గురించి ఎందుకు అని అడిగినవాళ్ళు అంతకుముందు లేరట. జవాబు ఎవరి దగ్గరా సిద్ధంగా లేదు. జవాబు లేనిచోట అరుపులు పుట్టాయి. రెండువైపులా మాటలు పెరిగేసరికి పడవ నడిపే పోలయ్య గడకర్ర ఒడ్డున పాతేసి, "మీరూ మీరూ తేల్చుకుని నన్ను పిలవండి" అని ఇంటికెళ్ళిపోయాడు. సోమవారం రత్నకు రాజోలులో ఇంటర్ పరీక్ష.

"నువ్వూ రారా శాస్త్రీ," అన్నాడు ప్రసాదు బట్టలు సర్దుకుంటూ.

"నేనొచ్చి ఏం చేస్తాను?"

"ఏమీ చెయ్యవు. నువ్వున్నచోట ఏ గొడవా పెద్ద గొడవలా కనబడదు. అందుకు."

జీవితంలో నాకు దొరికిన యోగ్యతాపత్రం అదొక్కటే. బయల్దేరాను.

ఎనిమిదింటికి రాజమండ్రి బస్టాండులో రాజోలు బస్సు వచ్చింది. మన పద్ధతి మీకు తెలిసిందే: కిటికీలోంచి గుడ్డ వేస్తే సీటు మనది. నేను జేబురుమాలు వేశాను. లోపలికెళ్ళి చూస్తే దాని మీద ఒక తువ్వాలు, తువ్వాలు మీద ఒక పెద్దమనిషి.

"అది నా సీటండీ. కింద నా రుమాలుంది," అన్నాను.

ఆయన లేచి చూసి, రుమాలు తీసి మడతపెట్టి నా చేతికిచ్చాడు. "ఆయ్, ఉందండీ. చిన్నదవడాన కనపడలేదండీ. మీరు కూకోండి."

"పర్వాలేదండీ, మీరే కూర్చోండి."

"అబ్బే, ముందేసింది తమరు కదండీ."

ఇలా మేమిద్దరం మర్యాద చేసుకుంటుండగా ఆ సీట్లో ఒకావిడ కూర్చుని టికెట్ కూడా తీసుకుంది. మేమిద్దరం రావులపాలెం దాకా నిలబడే వెళ్ళాం. ఈ సంగతి ఇక్కడ ఊరికే చెప్పలేదు, తర్వాత పనికొస్తుంది.

కొత్తపేటలో బస్సు పది నిమిషాలాగింది. టీ బాగుంది, బజ్జీలు వద్దు. తువ్వాలాయన అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి. మా ప్రయాణం ఎందుకో ప్రసాదు చెబితే శ్రద్ధగా విన్నాడు.

"బల్ల గురించాండీ? మా ఊళ్ళో కుర్చీ గురించి పెళ్ళే ఆగిందండి. వియ్యంకుడికేసిన కుర్చీకి చేతుల్లేవని."

"మరేమైందండీ?"

"ఏముందండీ, ఉన్న కుర్చీలన్నీ తీయించేసి అందర్నీ చాపల మీద కూకోబెట్టేరు. భోజనాలు బెమ్మాండంగా ఉన్నాయండి."

అంబాజీపేటలో ఆయన దిగిపోయాడు. దిగుతూ నా ఒళ్ళో రెండు కొబ్బరిబొండాలు పెట్టాడు. వద్దంటే ఆయనకు బాధ, తీసుకుంటే నాకు బరువు. గన్నవరం అక్విడెక్ట్ మీద బస్సు వెళుతుంటే పైన కాలవా కింద గోదారీ కనిపించాయి. కిటికీ పక్క సీటు దొరికితే ఎడమవైపు చూసుకోండి. తాటిపాక సెంటర్లో దిగి, మామిడికుదురు మీదుగా అప్పనపల్లి వెళ్ళే ఆటోలో ఆరుగురం సర్దుకున్నాం. దూరాన కొబ్బరిచెట్ల తలల పైన గ్యాస్ బావి మంట పట్టపగలే వెలుగుతోంది. అదెందుకలా వృథాగా మండుతోందని ఆటో డ్రైవర్ని అడిగితే, "మాకూ తెలీదండీ. దీపం పెట్టినోళ్ళనడగాలి," అన్నాడు.

అప్పనపల్లి గుళ్ళో దర్శనం, ఆ తర్వాత అక్కడే అన్నదానంలో భోజనం. మధ్యాహ్నం ఒంటిగంట. వరసలో నా ఎడమ పక్కన బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు, కుడిపక్కన ప్రసాదు, వాడి పక్కన మేము వచ్చిన ఆటో డ్రైవరు. పప్పు అందరికీ ఒకేసారి అయిపోయింది, ఒకేసారి మళ్ళీ వచ్చింది. ప్రసాదు చెయ్యి కడుక్కుంటూ, "ఇక్కడ కూర్చోడానికి ఇబ్బంది లేదు, ఏట్లోనే వస్తుంది," అన్నాడు. వాడు జోకులు వెయ్యడు. అందుకే నాకు నవ్వు రాలేదు.

రేవులో ఊరి పడవ లేదు. అవతల లంక ఒడ్డున కట్టేసి ఉంది. చేపలు పట్టే ఒకాయన తన చిన్న పడవలో మమ్మల్ని దాటించాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. కొబ్బరిబొండం ఒకటి పుచ్చుకున్నాడు. నా బరువు సగం తగ్గింది.

రత్నకుమారి అరుగు మీద ఎకనామిక్స్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. సన్నగా, చిన్నగా ఉంటుంది. ఈ పిల్లా పడవ ఆపిందీ అనిపించింది.

"మేమొచ్చిన చిన్న పడవలో సోమవారం నిన్ను దింపేస్తానన్నాడే ఆయన," అన్నాడు ప్రసాదు.

"నాన్నా అదే అన్నాడు, పాస్టరుగారూ అదే అన్నారు. రైతుల వీధి చలపతిరావు గారు కూడా కబురంపేరు, కావాలంటే ఆయన డబ్బులిచ్చి దింపిస్తారంట. అందరూ నన్ను దాటించేద్దామనే చూస్తున్నారు." పుస్తకం మూసింది. "నేను దొంగతనంగా ఎల్లను అన్నయ్యా. అందరూ ఎక్కే పడవలో అందరితో ఎల్తాను. లేదా ఈ ఏడు రాయను."

"ఏడాది పోతుందే."

"నీ ఫ్రెండ్‌కి రెండు పోయినియ్యంట కదా. బానే ఉన్నాడు."

నేను రెండో కొబ్బరిబొండం కొట్టించుకుని తాగాను.

సాయంత్రం వాళ్ళ మేనత్త సువార్తమ్మగారు వచ్చారు. పేటలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడతారు. కిందటి ఎన్నికల్లో సర్పంచు పదవి రిజర్వేషన్లోకి వచ్చి ఆవిడ ఊరి ప్రెసిడెంటు అయ్యారు. అయిదడుగులుండరు. మెడలో కొలత టేపు తీయడం మర్చిపోయి వచ్చారు.

"అత్తా, నువ్వు ప్రెసిడెంటువి. బల్ల అందరిదీ అని కాయితం మీద రాసి సంతకం పెట్టెయ్, అయిపోద్ది," అన్నాడు ప్రసాదు.

"నా మేనకోడలి గొడవలో నా సంతకమా?" ఆవిడ టేపు వేలికి చుట్టుకుంటూ అన్నారు. "అప్పుడు నేను పేటకి ప్రెసిడెంటునవుతాను రా, ఊరికవ్వను. లాక్కుని ఇచ్చిన బల్ల మీద ఇది కూకున్నా కూకున్నట్టుండదు. అటు చలపతిగారి తల ఒంగిపోతే, రేపు ఆయన ఎత్తుకునే తల ఎలా ఉంటదో తెలీదు. ఎవరి తలా దిగకూడదు."

"అదెలా కుదురుద్దండీ?" అన్నాన్నేను.

"నాకూ తెలీదు బాబూ. రేపు పడవలో మీటింగు పెట్టేను. మీరూ రండి."

నాకు పడవలో మీటింగ్ ఎందుకో అర్థం కాలేదు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అర్థమైంది.

పడవను రేవులోనే మోకుతో కట్టి ఉంచారు. రెండు వీధుల పెద్దలూ, కొందరు కుర్రాళ్ళూ, పోలయ్య, రత్న, ఊరికే చూడ్డానికి వచ్చిన నేను, అందరం ఎక్కాం. మిగతా ఊరు గట్టు మీద. ముందు బల్ల ఖాళీగా ఉంది. చలపతిరావు గారు, అరవై దాటినాయన, పెద్ద కొబ్బరితోటల రైతు, దాని పక్కన నిలబడ్డారు. ఆయన ఎన్నడూ సువార్తమ్మగారిని పిలిచినట్టు లేదు. నువ్వు అనడానికి ఇప్పుడు పదవి అడ్డం, మీరు అనడానికి పాత అలవాటు అడ్డం. అంచేత ఆయన గోదావరిని చూస్తూ మాట్లాడారు.

"బల్ల మా నాన్నగారేయించేరు. మా దొడ్లో పనసచెట్టు కొట్టించి ఏయించేరు. ఊళ్ళో ఎవరినన్నా అడగొచ్చు."

"అయితే మీ పెరట్లో ఏస్కోండి!" అన్నాడు పేట నుంచి ఒక కుర్రాడు, ఆవేశంగా లేచి.

పడవ ఒక పక్కకు ఒరిగింది. రైతుల వీధి కుర్రాడు అవతల పక్కన లేచాడు. పడవ ఇటు ఒరిగింది. "ఓలమ్మో! కూకోండెహె!" అని రెండు వీధులూ ఒకే గొంతుతో అరిచాయి. మూడుతాళ్ళలంకలో ఈ రెండ్రోజుల్లో అందరూ ఒప్పుకున్న మొదటి మాట అది. ఆ తర్వాత ఎవరు కోపంగా మాట్లాడినా కూర్చునే మాట్లాడారు. కూర్చుని, అదీ ఉక్కపోతలో, పక్కవాడి మోకాలు డొక్కలో తగులుతుండగా కోపంగా మాట్లాడ్డం చాలా కష్టం. కావాలంటే చూసుకోండి. సువార్తమ్మగారు మాత్రం పడవ అంచు పట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

కాసేపటికి ఆవిడ నెమ్మదిగా అన్నారు. "బల్ల మీ నాన్నగారిదేనండి. కాదనేవాళ్ళెవరూ లేరు. కావాలంటే ఇప్పుడే ఊడదీయించి, ఇద్దరు మనుషుల్నిచ్చి, జాగర్తగా మీ ఇంటికి పంపిస్తాను. పడవ ఊరిది, అది ఊళ్ళో ఉంటది. కానీ ఒక్క మాటండి. ఈ పిల్ల ఎందుకు అనడిగింది. తప్పో ఒప్పో అడిగింది. దొడ్లో కాయలు కాసే చెట్టు కొట్టించి మరీ మీ నాన్నగారు పడవలో బల్లెందుకేయించేరండి?"

చలపతిరావు గారు గోదావరిని మరికాస్త శ్రద్ధగా చూశారు.

"నన్నడగరేం?"

గట్టు మీంచి వచ్చింది ఆ మాట. చలపతిరావు గారి తల్లి, మామ్మగారు, మనవడి భుజం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎనభై దాటాయి. చూపు తగ్గింది కానీ గొంతు తగ్గలేదు.

"మీకెందుకమ్మా, మీరింటికెళ్ళండి," అన్నారు చలపతిరావు గారు.

"ఎల్తాను. చెప్పి ఎల్తాను. నిండు నెలలతో నన్ను అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సొచ్చింది. అప్పుడీ పడవలో బల్లా లేదు, గిల్లా లేదు. నుంచోలేను, ఒంగలేను. నడుం పట్టుకుని ఏడుస్తా దాటేను. తిరిగొచ్చేక మీ నాన్నగారు చెట్టు కొట్టించేరు. 'బరువు మోసేవాళ్ళు నుంచుని దాటకూడదే' అన్నారు. అందుకేసిన బల్లది." ఆవిడ కొడుకు వైపు చెయ్యి చూపించారు. "ఆ బరువు వీడే!"

ముందు పడవలో వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గట్టు నవ్వింది. నవ్వుకు పడవ మళ్ళీ ఊగింది. చలపతిరావు గారు పడిపోకుండా చేతికందినది పట్టుకున్నారు. అది సువార్తమ్మగారి భుజం. ఆయన చెయ్యి వెంటనే తీయలేదు. తీస్తే పడతారు.

"అరవయ్యేళ్ళైనా దిగని బరువు నాయనా," అన్నారు మామ్మగారు. ఈసారి చలపతిరావు గారు కూడా నవ్వారు. ఆయన నవ్వితే ఎంత బాగుంటారో ఆ ఊళ్ళో చాలామందికి ఆ రోజే తెలిసినట్టుంది.

"మీ నాన్నగారి మాటే ఉంచుదామండీ," అన్నారు సువార్తమ్మగారు. "బరువు మోసేవాళ్ళు కూకుంటారు. ఏ వీధన్నది కాదు, ఎంత బరువన్నదే. బల్ల మీ నాన్నగారి పేరు మీదే ఉంటది."

ఆయన గోదావరి మీంచి చూపు తిప్పి ఆవిడ మొహంలోకి చూశారు. "ఆయ్. అలాగే ప్రెసిడెంటు గారూ."

ఇక్కడ బాజాలు మోగాలి. మోగలేదు. పోలయ్య మాత్రం, "మరి నా రెండ్రోజుల కూలెవరిస్తారు?" అనడిగాడు.

సోమవారం ఉదయం ఆరున్నర. పరీక్ష తొమ్మిదింటికి. అవతల రేవులో ఏడుంపావుకు రాజోలు బస్సు. మేము వెళ్ళేసరికి రేవు కిటకిటలాడుతోంది, ప్రతి ఒక్కరి దగ్గరా బరువుంది. తీర్మానం ప్రకారం యోగ్యత సంపాదించుకోవాలి కదా. ఎప్పుడూ ఖాళీ చేతులతో వెళ్ళే బడిపంతులుగారు రెండు గుమ్మడికాయలు పట్టుకొచ్చారు. చలపతిరావు గారి భుజం మీద అరటిగెల. పేటలో మేస్త్రీ ఏసుపాదంగారు సిమెంటు బస్తా నెత్తికెత్తుకున్నారు. అటు ఒడ్డున సిమెంటు అవసరం ఏమిటని ఎవరూ అడగలేదు. పడవ నీళ్ళలోకి రోజూకంటే జానెడు ఎక్కువ దిగింది.

తీరా ఎక్కాక అసలు కష్టం మొదలైంది.

"మీరు కూకోండి ఏసుపాదం గారూ, బస్తా ఉంది," అన్నారు చలపతిరావు గారు.

"అయ్యో, గెలతో మీరు నుంచుంటే నేను కూకుంటానాండీ? మీరు కూకోండి."

"అబ్బే, సిమెంటు బరువండీ."

"గెల పచ్చిదండీ, పచ్చిదే బరువండీ. పంతులుగారూ, మీరైనా."

"నేనా? గుమ్మడికాయలు లోపల గుల్లండీ!"

రెండ్రోజులు ఊరిని రెండు చేసిన బల్ల, అందరూ అందరికీ ఇచ్చేస్తుండగా, ఖాళీగా ఉండిపోయింది. కూర్చోనివ్వకపోతే పోట్లాడుకున్నవాళ్ళు, కూర్చోమంటే కూడా పోట్లాడుకునేలా ఉన్నారు. గెలా బస్తా గుమ్మడికాయా మోసుకుంటూ నలభై మంది నిలబడి ఉంటే పడవ కదలదు. "ఎవరో ఒకరు కూకుంటే గానీ గడెయ్యను," అన్నాడు పోలయ్య. రత్న వాచీ చూసుకుంటోంది. ఆమె చేతిలో అట్టా పెన్నూ తప్ప ఏ బరువూ లేదు. ఉన్న నియమం ప్రకారం ఆమె నిలబడే వెళ్ళాలి. అది ఆమెకూ తెలుసు, అందుకే వెనకాల సైకిళ్ళ పక్కనే నిలబడింది.

"తప్పుకోండర్రా."

మామ్మగారు. కళ్ళు చూపించుకోడానికి అమలాపురం వెళుతున్నారు. మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి, మేకును తడిమి చూసుకుని, బల్ల మీద కూర్చున్నారు. పక్కన చేత్తో తట్టారు.

"ఆ పరీక్ష పిల్లేది? దా. ఇక్కడ కూకో."

"నాకు బరువేం లేదు మామ్మగారూ," అంది రత్న.

"లేకపోవడమేటే! నెత్తి మీద ఇంటరు పరీక్ష పెట్టుకుని! మా వాడి గెల అవతలొడ్డున దింపేత్తాడు. నీది మధ్యాన్నం దాకా దిగదు. వీళ్ళందరికంటే నీదే బరువు. కూకో."

రత్న ముందుకొచ్చింది. చలపతిరావు గారు గెల అవతలి భుజానికి మార్చుకుని దారి ఇచ్చారు. ఆమె మామ్మగారి పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది. "పైకి చదువు, నాకూ వినపడుద్ది," అన్నారు మామ్మగారు. గిరాకీ సూత్రం వింటూ మూడుతాళ్ళలంక గోదావరి దాటింది. ధర పెరిగితే కొనేవాళ్ళు తగ్గుతారన్నచోట చలపతిరావు గారు, "కొబ్బరికాయకీ అది నిజమేనండి," అన్నారు.

మధ్యలో మామ్మగారు ఇంకాస్త జరిగి, "ఎవరో కుర్రాడు రాజమండ్రి నుంచి వచ్చేడంట కదా, రెండు పేపర్లు మోస్తున్నాడంట. వాడూ కూకోవాలి," అన్నారు. నవ్వుల మధ్య కూర్చున్నాను. మేకు సంగతి నాకెవరూ చెప్పలేదు.

అవతల రేవులో దిగేటప్పుడు "ముందు మీరు దిగండి", "అబ్బే మీరు దిగండి" మొదలయ్యేలోపే సువార్తమ్మగారు, "పరీక్ష పిల్ల ముందు!" అని కేకేశారు. మూడు రోజుల్లో ఆవిడ గొంతు పెంచడం అదే మొదలు. రత్న పరిగెత్తింది. బస్సు వచ్చి ఆగుతుంటే ప్రసాదు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరాడు. రుమాలు చిన్నదైపోతుందని నేనే చెప్పాను.

మధ్యాహ్నం పరీక్ష అయ్యాక రాజోలులో రత్నను కలిశాం. పేపరు కష్టంగా వచ్చిందట. గిరాకీ సూత్రం అడగలేదట. హోటల్లో భోజనం చేసి, వాళ్ళిద్దరినీ లంకకు పంపించి, నేను రాజమండ్రి బస్సెక్కాను. సీటు దొరికింది. చిరిగిన ప్యాంటు మీద సంచీ పెట్టుకుని దారి పొడుగునా ఆలోచించాను. ఎవరి తలా దిగకుండా ఒక ఊరు ఎలా సర్దుకుందో, ఎక్కువ మాట్లాడకుండానే ఒక మనిషి అందరినీ ఎలా ఒక పడవలోకి ఎక్కించిందో గొప్పగా రాయాలనుకున్నాను. గన్నవరం అక్విడెక్ట్ మీదికి వచ్చేసరికి గుండె నిండిపోయింది. కొత్తపేటలో నిద్రపోయాను.

మీరు వెళ్ళదలిస్తే ఒక సంగతి. పోలయ్య పన్నెండింటికి భోజనానికి ఇంటికెళ్ళి రెండున్నర దాకా రాడు. ఆ మధ్యలో పడవ ఉండదు. రేవులో నీడ కూడా లేదు, గొడుగు తీసుకెళ్ళండి.